ఆటలో అరటిపండు

పోయిన నెల మా కళాశాలలో ఒక సమావేశం జరిగింది. తనిఖీ బృందానికి చూపించవలసిన కాగితాలను ఒక్కొక్కటిగా పైకి చదువుతున్నారు. వైకల్యం ఉన్న విద్యార్థులకు కల్పిస్తున్న సౌకర్యాల జాబితా వచ్చింది. ర్యాంపు, లిఫ్టు, పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే సహాయకులు. ఆ తరువాత అయిదో అంశం, వ్యాయామ విద్య నుంచి మినహాయింపు.

చదివేవారు ఆగలేదు. వినేవారు తల ఎత్తలేదు. మొదటి నాలుగూ విద్యార్థిని లోపలికి తెచ్చేవి, అయిదోది బయటికి పంపేది. రెండింటినీ ఒకే గొంతుతో చదివేశాం. "ఇది సౌకర్యం కాదు, తీసేయండి" అన్నాను. "పాపం, వాళ్లను పరుగెత్తమంటారా మేడమ్?" అన్నారు ఒకరు. ఆ జాలి నిజమైనదే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం అక్కడ నా వల్ల కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సంచుల కాపలా

అటువంటి మినహాయింపు ఉత్తరాల మీద నేనూ పదిహేనేళ్లు సంతకాలు పెట్టాను. బెంగళూరుకు ఇంజినీరింగ్ చదవడానికి వచ్చే తెలుగు పిల్లలు మా దగ్గర చాలామంది. తెలుగు మాట్లాడే మేడమ్ అంటే కాస్త చనువు కాబట్టి ఇటువంటి పనులకు ముందుగా నా గదికే వస్తారు. వ్యాయామ విద్యకు మార్కులు ఉండవు గానీ హాజరు తప్పనిసరి. వైద్యుడి చీటీ జతచేసి ఉత్తరం రాస్తే, నేను సంతకం పెడితే, ఆ హాజరు మాఫీ అయిపోతుంది.

రెండేళ్ల క్రితం కడప జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి అలాగే ఉత్తరం తెచ్చింది. రెటీనా జబ్బుతో చూపు చాలావరకు పోయింది. వెలుతురు, నీడ, దగ్గరికి వచ్చిన మనిషి ఆకారం తెలుస్తాయి. సంతకం పెట్టి కాగితం చేతిలో పెట్టాను. ఆమె వెళ్లలేదు. "మరి ఆ గంటసేపు నేను ఎక్కడ ఉండాలి మేడమ్?" అని అడిగింది.

లైబ్రరీలో కూర్చోమన్నాను. తోచిన మాట అది. రెండు వారాల తరువాత ఇండోర్ హాలు పక్కగా వెళుతుంటే మెట్ల మీద కనిపించింది. చుట్టూ ముప్ఫై నలభై సంచులు, ఒడిలో ఏడెనిమిది ఫోన్లు. ఆడుకోవడానికి వెళ్లినవాళ్లు తమ వస్తువులన్నీ ఆమెకు అప్పగించి వెళ్లారు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. ఒక ఫోను మోగితే అది ఎవరిదో తెలియక, తీయాలో వద్దో తేల్చుకోలేక, మోగడం ఆగేదాకా రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. నా సంతకం ఆమెకు ఇప్పించిన ఉద్యోగం అది.

వేపచెట్టు కింద విజిల్

మా పెద్దనాన్నగారి అబ్బాయికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. కుడికాలు సన్నబడి, చేత్తో మోకాలిని నొక్కిపట్టి నడిచేవాడు. హిందూపురం దగ్గర మా ఊళ్లో పిల్లలు క్రికెట్ ఆడితే అన్నయ్య లేకుండా ఆట మొదలయ్యేది కాదు. అన్నయ్య కొడతాడు, పరుగు ఇంకొకడు తీస్తాడు. ఆ తీసేవాడు గీత వెనుక నుంచే బయలుదేరాలి, వాడు రనౌట్ అయితే అన్నయ్య అవుట్. ఈ నిబంధనలు పెద్దవాళ్లు చెప్పినవి కావు. పదేళ్ల పిల్లలు నాలుగు రోజులు పోట్లాడుకుని తేల్చుకున్నవి. అన్నయ్య అవుటైతే ఒప్పుకునేవాడు కాదు. బ్యాటు వదలకుండా పిచ్ మీదే కూర్చునేవాడు, మిగతావాళ్లు లాగేసేవారు.

అదే ఆటలో నేనూ ఉండేదాన్ని. నాకు అయిదేళ్లు. నేను అవుటైనా అవుట్ కాదు, కొట్టినా లెక్క లేదు. ఆటలో అరటిపండును. తెలుగు ఇళ్లలో పెరిగినవారికి ఆ మాట వివరించనక్కరలేదు. రెండు కాళ్లూ బాగున్న నేను అరటిపండు, కాలు సన్నబడిన అన్నయ్య అసలు ఆటగాడు. ఇది ఎంత విచిత్రమో నాకు ఈ మధ్యనే తట్టింది.

తరువాత అన్నయ్య టౌనులో ఉన్నత పాఠశాలకు వెళ్లాడు. డ్రిల్లు మాస్టారు దయగల మనిషి. మొదటి రోజే పిలిచి, ఎండలో నిలబడవద్దని చెప్పి, వేపచెట్టు కింద కూర్చోబెట్టి, చేతిలో విజిలూ స్కోరు పుస్తకమూ పెట్టారు. మూడేళ్లు అంతే. "ఆ పుస్తకం మొత్తం నా చేతిరాతే. నా పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు" అన్నాడు మొన్న ఫోనులో. ఊళ్లో పిల్లలు పోట్లాడి ఇచ్చిన చోటును బడి దయతో తీసేసుకుంది. నేనూ పదిహేనేళ్లుగా చేసింది ఆ మాస్టారు చేసిన పనే.

ఏటా డిసెంబరు 3న చాలా కళాశాలల్లో ఒక సభ జరుగుతుంది. చెంచాలో నిమ్మకాయ, కుర్చీల ఆట, పాల్గొన్న అందరికీ బహుమతి, ఫోటోలు. అందరూ గెలిచే ఆట చూసినప్పుడల్లా నాకు ఆ అయిదేళ్ల వయసు గుర్తొస్తుంది. అరటిపండుకు ఎవరూ అన్యాయం చేయరు. ముద్దు చేస్తారు కూడా. కానీ సాయంత్రం ఇంటికి వెళ్లాక తాను ఆడానని దానికి అనిపించదు. అవుటయ్యే అవకాశం కావాలి. నేను అడుగుతున్నది అంతే.

పతకాల లెక్క

ఈ మాట ఎత్తగానే ఎదురయ్యే వాదన పతకాలది. పారాలింపిక్స్‌లో మనకు 2016 రియోలో 4 పతకాలు, టోక్యోలో 19, 2024 పారిస్‌లో 29. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పారిస్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో కాంస్యం గెలిచారు. దానికి కొన్ని నెలల ముందే జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ విజేత అయ్యారు. ఆ వార్త చదివిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు. "చూశారా, పట్టుదల ఉంటే ఎవరూ ఆపలేరు" అన్నారు మా స్టాఫ్ రూములో.

ఆ మాటతోనే నాకు పేచీ. మామూలు పిల్లలకు పట్టుదల లేకపోయినా ఆట దొరుకుతుంది. మా కళాశాలలో క్రికెట్ ఆడే వందమందిలో తొంభైమంది అంతంతమాత్రపు ఆటగాళ్లే. ఏదో ఒక రోజు పతకం తెస్తావా అని వాళ్లను ఎవరూ అడగరు. సాయంత్రం ఆడి, ఓడి, టీ తాగి హాస్టలుకు పోతారు. వైకల్యం ఉన్నవారికి మాత్రం రెండే చోట్లు మిగిల్చాం. పోడియం మీద ఒకటి, సంచుల దగ్గర ఒకటి. మధ్యలో ఉండవలసిన కాలేజీ మైదానం లేదు.

ఇది బెంగళూరులోనే ఇలా ఉండటం మరీ బాధ. చక్రాల కుర్చీలో పోటీపడి 2001లో పద్మశ్రీ అందుకున్న మాలతి హొళ్ల ఈ ఊరివారు. అంధుల క్రికెట్‌ను దేశమంతా నడిపించే సంఘం ఈ ఊళ్లోనే ఉంది. భారత అంధుల జట్టుకు నాయకత్వం వహించిన అజయ్ కుమార్ రెడ్డి మన గుంటూరు ప్రాంతం వారు, 2023 అర్జున పురస్కార గ్రహీత. ఇంత ఉన్న ఊళ్లో మా కళాశాల గోడ లోపలికి వచ్చేసరికి మినహాయింపు ఉత్తరమే మిగిలింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అనగానే 21 రకాల వైకల్యాలు, ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే కళాశాలల్లో 5 శాతం సీట్లు అందరికీ గుర్తొస్తాయి. అదే చట్టం 16వ సెక్షన్ చదువుతో పాటు ఆటలకూ వినోదానికీ ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలంటోంది. 30వ సెక్షన్ అయితే మొత్తం ఆటల గురించే. అందరూ పాల్గొనేలా శిక్షణనూ మైదానాలనూ మార్చుకోవాలని అందులో ఉంది. ఈ రెండు సెక్షన్లలో ఎక్కడా మినహాయింపు అనే మాట లేదు.

శాతం, పాయింటు

వైకల్య ధ్రువపత్రం మీద ఒక శాతం ఉంటుంది. 40 దాటితే ఇది, 75 దాటితే అది అని మన విద్యార్థులు ఆ అంకెను నోటికి నేర్చుకుని తిరుగుతారు. ఏమి లేదో చెప్పే అంకె అది. ఆటల్లోనూ అంకెలు ఉన్నాయి గానీ అవి పనిచేసే తీరు వేరు. వాటిని అర్థం చేసుకున్నాకే నాకు ఈ విషయం మీద నిజమైన నమ్మకం కుదిరింది.

చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ తీసుకోండి. బుట్ట ఎత్తు మామూలు ఆటలో లాగే 3.05 మీటర్లు. ప్రతి ఆటగాడికీ శరీరం మీద ఉన్న అదుపును బట్టి 1 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇస్తారు. నడుము నిలబెట్టుకోవడమే కష్టమైనవారికి 1, అతి తక్కువ వైకల్యం ఉన్నవారికి 4.5. కోర్టులో ఉన్న అయిదుగురివీ కలిపి 14 దాటకూడదు. బలమైనవాళ్లు ముగ్గురిని దించితేనే 13.5 అయిపోతుంది, మిగతా ఇద్దరికీ కలిపి అరపాయింటే ఉంటుంది. కాబట్టి తక్కువ పాయింట్ల ఆటగాడు లేకుండా జట్టు కుదరదు. అతన్ని జాలితో కాక, అవసరం కొద్దీ వెతుక్కుంటూ వెళ్లాలి. అంధుల క్రికెట్‌లోనూ పదకొండుమందిలో కనీసం నలుగురు చూపు బొత్తిగా లేనివారు ఉండాలి, వారు చేసిన పరుగులను రెట్టింపుగా లెక్కిస్తారు. మా ఊరి పిల్లలు నాలుగు రోజులు పోట్లాడి చేసింది ఇటువంటి పనే.

మన దేశంలో ఈ కుర్చీ బాస్కెట్‌బాల్‌కు సమాఖ్యను నిలబెట్టిన మాధవీలత ఖమ్మం జిల్లా సత్తుపల్లి నుంచి చెన్నై వెళ్లి స్థిరపడ్డ తెలుగావిడ. వైద్యం కోసం నీళ్లలోకి దిగి, ఈత పోటీలదాకా వెళ్లి, ఆ తరువాత ఇతరుల కోసం ఈ ఆట చేపట్టారు. మన తెలుగు పాఠకుల్లో ఆమె పేరు తెలిసినవారు ఇంత తక్కువమంది ఉండటం నాకు కష్టంగా ఉంటుంది.

పంకాలు ఆపిన హాలు

ఆ మెట్ల దృశ్యం చూసిన వారమే వ్యాయామ విద్య చూసే మా పీడీ సార్‌తో మాట్లాడాను. ఆయన కన్నడిగులు, పాతికేళ్లుగా ఫుట్‌బాల్ నేర్పుతున్నవారు. "నాకు రాదు మేడమ్, నేర్చుకుంటాను" అన్నారు. ఆ ఒక్క మాటే లేకపోతే ఈ వ్యాసం లేదు.

గోల్‌బాల్‌తో మొదలుపెట్టారు. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో పుట్టిన ఆట. జట్టుకు ముగ్గురు. గంటలు ఉన్న బంతిని నేల మీదుగా విసిరి ఎదుటివారి గోల్‌లోకి పంపాలి, వాళ్లు శబ్దం విని అడ్డంగా పడుకుని ఆపాలి. చూపు ఉన్నవారూ లేనివారూ అందరూ కళ్లకు గంతలు కట్టుకోవాలి. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉండాలి. మాకు దొరికింది బ్యాడ్మింటన్ కోర్టు, 13.4 మీటర్లు. సర్దుకున్నాం. అసలు బంతి 1.25 కిలోలు తూగుతుంది, అది మా దగ్గర లేదు. పాత బాస్కెట్‌బాల్‌ను గరగరలాడే ప్లాస్టిక్ సంచిలో చుట్టి తాడు కట్టారు. గీతలు చేతికి తగలాలి కాబట్టి నేల మీద పురికొస పరిచి దాని మీద టేపు అంటించారు. పీడీ సార్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క అడుగే అంటిస్తూ, మధ్యలో కళ్లు మూసుకుని వేలితో తడిమి చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. పంకాల హోరులో బంతి చప్పుడు వినపడలేదు. ఆపేశారు. పది నిమిషాల్లో అందరి బట్టలూ తడిసిపోయాయి. చుట్టూ చేరినవాళ్లు గుసగుసలాడితే సార్ చేయెత్తి "సద్దు మాడబేడి" అన్నారు. సద్దు మన మాట కూడా కదా, తెలుగు పిల్లలకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేకపోయింది. హాలంతా నిశ్శబ్దం. బంతి నేల మీద గరగరమంటూ దొర్లుకుంటూ వచ్చింది. కళాశాల జట్టు బ్యాడ్మింటన్ ఆటగాడు గంతలతో గోడవైపు తిరిగి చేతులు చాపుకుని నిలబడ్డాడు.

మా కడప అమ్మాయి ఆ రోజు వీరవనితలా ఆడిందని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ నిజం కాదు. ఆమెకు కోపం వచ్చింది. "ఉన్న కాస్త వెలుతురూ లాగేసుకున్నారు" అంది. ఇన్నేళ్లూ ఆ వెలుతురునే పట్టుకుని నడిచిన మనిషికి గంతలు కట్టడమంటే ఏమిటో మేము ఆలోచించనేలేదు. రెండు వారాలు రాలేదు. మూడో వారం తనంతట తానే వచ్చి, వేలితో పురికొస గీత వెతుక్కుని కూర్చుంది. ఇప్పటికీ మధ్యరకం ఆటగత్తే. కుడివైపు బాగా ఆపుతుంది, ఎడమవైపు వదిలేస్తుంది.

నన్ను వదలని సందేహాలు

గంతల గురించి ఒక అనుమానం నన్ను చాలా రోజులు తొలిచింది. చూపు ఉన్నవాళ్లకు గంతలు కట్టి, పది నిమిషాలు చక్రాల కుర్చీలో తిప్పి, "వాళ్ల బాధ ఇప్పుడు తెలిసిందా?" అని అడిగే కార్యక్రమాలు నాకు నచ్చవు. వాటి నుంచి మనుషులు భయాన్నీ జాలినీ మాత్రమే తెచ్చుకుంటారు. మేము చేసేదీ అదేనా? చూడగా చూడగా తేడా అర్థమైంది. ఇక్కడ గంతలు ఆట నిబంధన, క్రికెట్‌లో ప్యాడ్ల వంటివి. ఆ బ్యాడ్మింటన్ అబ్బాయి ఇప్పుడు వచ్చేది ఎవరి బాధా తెలుసుకోవడానికి కాదు, మొదటిసారి ఓడిన కసితో.

గాయాల భయం మాత్రం కొట్టిపారేయలేనిది. వెన్నుపాము దెబ్బతిన్న విద్యార్థికి ఒంట్లో స్పర్శ తెలియని చోట రాపిడి పుండు పడినా నొప్పి ఉండదు. దెబ్బ పైభాగంలో తగిలి ఉంటే చెమట సరిగా పట్టక ఎండలో ఒళ్లు వేడెక్కిపోతుంది. కొన్ని రెటీనా జబ్బుల్లో తలకు బంతి తగలకూడదు. ఇవి తెలిసిన ఫిజియోథెరపిస్టు, కంటి వైద్యుడు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. అయితే వైద్యుడిని మనం అడిగే ప్రశ్న మారాలి. "ఆటలు మాన్పించమంటారా?" అంటే ఏ వైద్యుడైనా మాన్పించమనే రాస్తారు. "ఏ ఆట వద్దు, ఏది పరవాలేదు, ఎంతసేపు?" అని అడిగితే వేరే చీటీ వస్తుంది. మా కడప అమ్మాయికి అలాగే వచ్చింది.

డబ్బు సంగతి. మూడేళ్ల క్రితం ఒక సంస్థవారు మా కళాశాలకు ఆటలకు వాడే చక్రాల కుర్చీలు రెండు ఇచ్చారు. వేదిక మీద ఫోటోలు అయ్యాక అవి స్టోరు గదికి చేరాయి. ఈ పని మొదలయ్యాక తాళం తీయించి చూస్తే చక్రాల్లో గాలి లేదు, పట్టీలను ఎలుకలు కొరికాయి. డబ్బు లేకపోవడం ఒక కష్టం. ఉన్న వస్తువు ఎవరి బాధ్యతో తేలకపోవడం అంతకన్నా పెద్ద కష్టం. అందుకే పరికరాలకన్నా ముందు నేను అడిగేది టైమ్‌టేబుల్లో ఒక గంట, దానికి జవాబుదారీగా ఒక మనిషి, మైదానం దగ్గర కుర్చీ పట్టే మరుగుదొడ్డి. మరుగుదొడ్డి ఎందుకంటారేమో. అది లేదని ఆట ఉన్న రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసే అమ్మాయి నాకు తెలుసు.

"మన దగ్గర ఉన్నదే ఆరుగురు, ఆరుగురివీ ఆరు రకాలు, జట్టు ఎక్కడిది?" అన్నది నిజంగా బరువైన ప్రశ్న. 2013 జనవరిలో అమెరికా విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయం అక్కడి బడులకు రాసిన లేఖలో దీనికి కొన్ని దారులు చూపింది. ఒక ప్రాంతంలోని బడులన్నీ కలిసి ఒక జట్టు కట్టవచ్చు, అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలపవచ్చు, వైకల్యం లేనివారినీ చేర్చుకోవచ్చు. మా రోడ్డు మీద రెండు కిలోమీటర్ల లోపల నాలుగు కళాశాలలు ఉన్నాయి. నలుగురం కలిస్తే కుర్చీలు ఒక్క చోట సరిపోతాయి. ఆ దేశంలోనూ పెద్ద సంఖ్యలతో మొదలుకాలేదు. 1948లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో టిమ్ నుజెంట్ తన దగ్గర ఉన్న కొద్దిమంది విద్యార్థులతోనే కుర్చీ బాస్కెట్‌బాల్ జట్టు కట్టాడు. ఆ కార్యక్రమమే తరువాత లిఫ్టు ఉన్న బస్సులను కూడా నడిపింది. అదే ఏడాది జూలై 29న ఇంగ్లండులో గుట్మన్ అనే వైద్యుడు ఆసుపత్రి పచ్చికలో విలువిద్య పోటీ పెడితే వచ్చినవారు 16 మంది. పారాలింపిక్స్‌కు మొదలు అది.

ఇక, ఆడటం ఇష్టం లేనివారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మా విద్యార్థి ఒకడికి బోచియా గురించి, అంటే గురి బంతికి దగ్గరగా మెత్తని బంతులు వేసే ఆట గురించి, ఎంతో ఉత్సాహంగా చెప్పాను. అంతా విని, "మేడమ్, నాకు కాళ్లు బాగున్నా ఆటలు నచ్చేవి కావు. నన్ను చదరంగం ఆడుకోనివ్వండి" అన్నాడు. నేను కాస్త నొచ్చుకున్నాను, తరువాత అతని మాటే సబబనిపించింది. వద్దనే హక్కు అతనికి ఉంది. ముందు అడిగాం కాబట్టి అది అతని నిర్ణయం అయింది. ఆ కడప అమ్మాయిని మేము అడగనేలేదు.

మొన్న శుక్రవారం

గురువారం సాయంత్రం పక్క కళాశాల జట్టుతో ఆట జరిగింది. నాకు ల్యాబ్ ఉండి వెళ్లలేకపోయాను. శుక్రవారం పొద్దున్నే మా కడప అమ్మాయి ఫోనులో టైపు చేసి ప్రింటు తీయించిన ఉత్తరంతో వచ్చింది. చివరి గోల్ చెల్లదట. బంతి మధ్య భాగంలో ఒకసారి నేలను తాకాలి, తాకకుండా నేరుగా తన ముందు పడింది, చప్పుడు ఒక్కసారే వినిపించింది, కాబట్టి ఆట మళ్లీ పెట్టించాలట. "సార్ చూశానంటున్నారు మేడమ్. నేను విన్నాను. బంతి వేసిన అమ్మాయేమో నేను ఓడిపోయి వంకలు పెడుతున్నానంటోంది" అని చెబుతుంటే గొంతు వణుకుతోంది, కోపంతో.

ఉత్తరం కింద నా సంతకం కోసం చోటు వదిలింది. నేను పెట్టలేదు. నేను అక్కడ లేను, ఎవరి మాట నిజమో నాకు తెలియదు, పీడీ సార్‌తోనే తేల్చుకోమన్నాను. విసురుగా తలుపు వేసి వెళ్లింది. ఆయన ఒప్పుకోలేదట.